అమెరికా ఉపాధ్యక్షుడు: అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షలకు పాలిటీ చెప్తుంటాను. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మూలాలున్న ఉషా చిలుకూరి భర్త జేడీ వాన్స్ ఆ పదవిలోకి వచ్చాక క్లాసులో దీనిమీద ప్రశ్నలు పెరిగాయి. చాలావరకు మన ఉపరాష్ట్రపతిని మనసులో పెట్టుకుని అడిగేవే. చిక్కంతా అక్కడే.

అపోహ: అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు కొన్నాళ్లు బాధ్యతలు చూస్తారు, ఈలోగా ఎన్నిక పెడతారు.

అది మన పద్ధతి. 1969 మేలో జాకిర్ హుస్సేన్ పోయినప్పుడు వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు, ఆగస్టులో ఎన్నిక జరిగింది. అమెరికాలో మిగిలిన పదవీకాలమంతా ఉపాధ్యక్షుడిదే. ఈ మాట రాజ్యాంగంలో మొదట స్పష్టంగా లేదు. 1841లో విలియం హెన్రీ హారిసన్ గద్దెనెక్కిన నెలకే చనిపోతే, జాన్ టైలర్ తాను పూర్తిస్థాయి అధ్యక్షుణ్ణేనని పట్టుబట్టి ప్రమాణం చేశారు. ఎవరెంత గొణిగినా తగ్గలేదు. ఆ ఆనవాయితీ రాజ్యాంగంలోకి ఎక్కింది 1967లో, 25వ సవరణతో.

అదే సవరణ ఇంకో లోటూ తీర్చింది. అంతకుముందు ఉపాధ్యక్ష పదవి ఖాళీ అయితే మధ్యలో నింపే దారే లేదు. లింకన్ హత్య తర్వాత ఆండ్రూ జాన్సన్ దాదాపు నాలుగేళ్లు ఉపాధ్యక్షుడు లేకుండానే నెట్టుకొచ్చారు. 1973లో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ రాజీనామా చేస్తే అధ్యక్షుడు నిక్సన్ ఆ పదవికి జెరాల్డ్ ఫోర్డ్ పేరు ప్రతిపాదించారు, కాంగ్రెస్ ఉభయసభలూ ఆమోదించాయి. మరుసటేడు నిక్సనే దిగిపోయారు. అలా ఫోర్డ్ రెండు పదవులూ చేశారు, దేనికీ ఎన్నిక కాకుండానే! ప్రిలిమ్స్‌కు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

అపోహ: రాజ్యసభ ఛైర్మన్‌లా రోజూ సెనేట్‌ను (అమెరికా ఎగువసభను) నడుపుతారు.

హోదా ఉంది కానీ, రోజూ ఆ కుర్చీలో కూర్చోరు. ఓట్లు సమానమైతేనే ఓటు వేస్తారు. ఉపాధ్యక్షురాలిగా కమలా హారిస్ 33 సార్లు వేసి, 19వ శతాబ్దపు ఉపాధ్యక్షుడు కాల్హౌన్ పేరిట ఉన్న 31 రికార్డు దాటారు. మొదటి రెండేళ్లు సెనేట్ 50-50గా చీలి ఉండటమే ముఖ్య కారణం.

అపోహ: నంబర్ టూ కాబట్టి అన్నీ తెలుస్తాయి.

అధ్యక్షుడు చెబితేనే. అణుబాంబు వివరాలు ఉపాధ్యక్షుడిగా ఉన్న ట్రూమన్‌కు తెలిసింది 1945 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోయి, తాను అధ్యక్షుడిగా ప్రమాణం చేశాకే. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి కార్యాలయం ఉండే వెస్ట్ వింగ్‌లో ఉపాధ్యక్షుడికంటూ ఆఫీసు దొరికింది 1977లో, అధ్యక్షుడు కార్టర్ హయాంలో ఉపాధ్యక్షుడు మాండేల్‌కు. పలుకుబడి పెరిగింది అక్కణ్నించే అంటాను.

అపోహ: ఎన్నికల ఫలితాన్ని తిప్పికొట్టగలరు.

2021 జనవరి 6న, కాంగ్రెస్‌లో అధ్యక్ష ఎన్నిక ఓట్లు లెక్కించే రోజు, అప్పటి ఉపాధ్యక్షుడు పెన్స్ తనకు ఆ అధికారం లేదన్నారు. ఓట్ల లెక్కింపులో ఉపాధ్యక్షుడిది లాంఛన పాత్రేనని 2022లో చట్టంలోనే రాసేశారు.