ఫీల్డర్ చేతికి బంతి: గొడవకి మూలం 13 మంది లెక్క

2025 జూన్ 10న శాన్ డియాగోలో బేస్‌బాల్ టీమ్ డాడ్జర్స్ చిత్తుగా ఓడుతుంటే, మేనేజర్ డేవ్ రాబర్ట్స్ ఆరో ఇన్నింగ్స్‌లోనే కీకే హెర్నాండెజ్‌ని మౌండ్ (బంతి వేసే దిబ్బ) ఎక్కించారు. హెర్నాండెజ్ పిచర్ (బంతి వేసేవాడు) కాదు, ఫీల్డర్. మ్యాచ్ 11-1తో పోయింది. 'టికెట్ కొన్నవాళ్లకి ఇదా ఆట?' అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది.

క్రికెట్లో దీన్ని ఎవరూ తప్పుపట్టరు. 2002 ఆంటిగ్వా టెస్టులో లక్ష్మణ్‌తో సహా మన 11 మందీ బౌలింగ్ చేశారు. బేస్‌బాల్‌లో అది అంత తేలిక కాదు. 1993లో ఫీల్డర్ హోసే కాన్సెకో తనే అడిగి మరీ బంతి తీసుకున్నాడు. మౌండ్ మీద 33 బంతులేశాడు. మోచేతికి ఆపరేషన్, సీజన్ అక్కడితో సరి. ఆ భయంతో మేనేజర్లు చాలాకాలం జాగ్రత్తగానే ఉన్నారు.

అసలు మలుపు వేరే ఉంది. పిచర్లని మాటిమాటికీ మారుస్తూ ఆట సాగదీస్తున్నారని, టీమ్‌కి 13 మంది పిచర్లకి మించొద్దని బేస్‌బాల్ లీగ్ నిర్ణయించింది. ఫీల్డర్లు ఊరికే పిచింగ్ చేయకూడదన్న నిబంధనా ఆ మార్పులతోపాటే వచ్చింది: ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ (9 ముగిసినా తేలకపోతే ఆడేవి) అయినా కావాలి, 6 రన్స్ తేడా అయినా ఉండాలి. కోవిడ్ వల్ల రెండూ 2022కి గానీ అమల్లోకి రాలేదు. ఆ ఏడాది ఫీల్డర్లు మౌండ్ ఎక్కిన సందర్భాలు 100 దాటాయి. దాంతో 2023లో పట్టు బిగించారు. ఓడుతున్న టీమ్ 8 రన్స్ వెనకబడాలి. గెలుస్తున్న టీమ్‌కైతే 9వ ఇన్నింగ్స్‌లో 10 రన్స్ ఆధిక్యం ఉండాలి.

ఈ వాడకం 2022కి ముందే పెరిగిందన్నది నిజమే. స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) ఐదో ఇన్నింగ్స్‌కే దిగిపోతుంటే మిగతా భారం బుల్‌పెన్‌ (మధ్యలో దిగే పిచర్లు, అంటే రిలీవర్లు) మీదే కదా. కానీ ఒక చేత్తో పిచర్ల సంఖ్యకి కోత పెట్టి, రెండో చేత్తో ఫీల్డర్ని ఆపితే మేనేజర్ ఏం చేయాలి? పోయిన మ్యాచ్ కోసం రిలీవర్ చేయి అరగదీస్తే, రేపటి మ్యాచ్‌కి ఎవరుంటారు?

ఆట నవ్వులపాలవుతోందన్న వాదనకి 2021 మే 17 రాత్రి గట్టి ఉదాహరణ. 15-4 ఆధిక్యంలో ఉన్న వైట్ సాక్స్ బ్యాటర్ యెర్మిన్ మెర్సెడెస్, ప్రత్యర్థి ట్విన్స్ ఫీల్డర్ అస్తుదియో గంటకి 75 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. అంత ఆధిక్యంలో ఉండి అలా కొట్టినందుకు సొంత మేనేజర్ టోనీ లా రుస్సాకే కోపమొచ్చింది.

ఇక డాడ్జర్స్‌కి బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసే ఓహ్తాని రూపంలో వెసులుబాటు ఉందంటారు. రెండు పనులూ చేసే ఆటగాడు ఆ 13 లెక్కలోకి రాడు మరి. కానీ ఆ రాత్రికి పిచర్లు స్నెల్, గ్లాస్నో, ససాకి ముగ్గురూ గాయాలతో బయటే ఉన్నారు. ఓహ్తాని డాడ్జర్స్ తరఫున తొలిసారి పిచింగ్ చేసింది ఆ తర్వాత ఆరు రోజులకి, జూన్ 16న.