కవచం కింద తొడిగే మెత్త దుస్తులు: అపోహలు - వాస్తవాలు

మధ్యయుగపు యూరప్ యుద్ధాలను ప్రదర్శించే బృందాలకు కవచం లోపలి దుస్తులు కుడుతుంటాను. కొలతలకు వచ్చినవాళ్లు ముందుగా అడిగేది మందం గురించే. అసలు అడగాల్సింది కటింగ్ గురించి.

అపోహ: ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పైన ఏం వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇనుప ఉంగరాల కవచం కత్తి అంచును ఆపుతుంది గానీ దెబ్బ ఊపు ఒంటికి తగులుతుంది. దాని కింద మెత్త ఉండాల్సిందే. బొంత కుట్టినట్టు వరసలుగా కుట్టాలి, లేకపోతే దూది కిందికి జారిపోతుంది. 15వ శతాబ్దపు ఉక్కు పలకల కవచం అలా కాదు. దాని ఒంపే దెబ్బను పక్కకు జారుస్తుంది. లోపల తొడిగే డబ్లెట్ (ఒంటికి బిగుతుగా ఉండే కోటు) ముఖ్యమైన పని కవచాన్ని మోయడం. ఆ కాలపు ఒక ఇంగ్లిష్ రాతప్రతి శాటిన్ లైనింగ్ వేసి, నిండా రంధ్రాలు పెట్టిన డబ్లెట్ వేసుకోమంటుంది. మోకాళ్లు ఒరుసుకుపోకుండా పల్చటి ఉన్నిగుడ్డ చుట్టమని కూడా చెబుతుంది. ఎంత శ్రద్ధో చూడండి!

అపోహ: ఇవి ఎప్పుడూ లోపల వేసుకునేవే.

వాస్తవం: 1181లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ, సామాన్య స్వతంత్రులు గాంబెసన్ (బొంతలా కుట్టిన మందపాటి కోటు), ఇనుప టోపీ, ఈటె ఉంచుకోవాలని శాసించాడు. వాళ్లకు అదే కవచం. అలాంటి మందపాటి రకాన్ని పలకల కింద తొడిగితే చేతులు ముందుకు రావు, ఊపిరాడదు.

అపోహ: బరువంతా భుజాల మీదే పడుతుంది.

వాస్తవం: పూర్తి పలకల కవచం సుమారు 20-25 కిలోలు. నడుము దగ్గర డబ్లెట్ బిగుతుగా పట్టుకుంటే దానికి కట్టిన కాళ్ల కవచం బరువు తుంటి మీదికి వెళ్తుంది. ఇక చేతులు. 1364లో చనిపోయిన ఫ్రెంచ్ ప్రభువు షార్ల్ ద బ్లోయిస్‌దిగా చెప్పే కోటు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంది. దాని ఆర్మ్‌హోల్ (చెయ్యి అతికే చోటు) గుండ్రంగా, ఛాతీలోకీ వీపులోకీ లోతుగా వెళ్తుంది. చెయ్యి ఎత్తినా నడుము పైకి లేవకుండా ఉండటానికే ఆ కటింగ్. ట్రయల్‌లో రెండు చేతులూ తల పైకి ఎత్తి చూడండి. అంచు బాగా లేచిందంటే ఆర్మ్‌హోల్ మళ్లీ కత్తిరించాలి. టైలర్ మొహమాటపెట్టినా ఒప్పుకోవద్దు.

అపోహ: స్పాంజి, పాలియెస్టర్ తేలిక కాబట్టి హాయి.

వాస్తవం: అవి చెమట పీల్చవు, వేడి పట్టేస్తాయి. పైన లినెన్, లోపల దూది వేయించుకోండి. ఒంటిని ఆనుకుని వదులైన లినెన్ చొక్కా ఉంటే ఉతుక్కోవడమూ సులువు.

అపోహ: ముందు కవచం కొనేసి, లోపలిది తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: డబ్లెట్ ముందు కుట్టించుకోండి. దాన్ని తొడుక్కుని, ఆపైనే కవచానికి కొలతలివ్వండి.