సెనేట్ ఓటింగే పెట్టకపోతే?

ప్రియమైన పిల్లలూ,

మన దగ్గర గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. మీరుంటున్న టెక్సస్‌లో ఆయన జనం ఓట్లతో గెలిచి, మన ముఖ్యమంత్రిలా పాలిస్తారు. యూనివర్సిటీ రీజెంట్ల (పాలక మండలి సభ్యుల) నుంచి బోర్డుల సభ్యుల దాకా వందలాది పదవులకు మనుషుల్ని ఎంచేదీ ఆయనే. అయితే ఆ రాష్ట్ర చట్టసభలో పై సభ అయిన సెనేట్‌లో హాజరైన సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది దానికి ఒప్పుకోవాలి.

అక్కడి చట్టసభ మామూలుగా రెండేళ్లకోసారే కూర్చుంటుంది. మధ్యలో ఖాళీ వస్తే గవర్నర్ ఎంచిన మనిషి ముందు పనిలో చేరిపోతారు, ఆమోదం తర్వాత. 2018 డిసెంబరులో గవర్నర్ గ్రెగ్ అబాట్ అలాగే డేవిడ్ విట్లీని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా వేశారు. ఎన్నికల వ్యవహారాలు చూసేది ఆ ఆఫీసే.

నెల తిరిగేసరికి ఆ ఆఫీసు, ఓటర్లలో సుమారు 95,000 మంది అమెరికా పౌరులు కాకపోవచ్చు, చూడండంటూ కౌంటీలకు, అంటే మన జిల్లాల్లాంటి వాటికి, చెప్పింది. ఆ పేర్లు ఎక్కడివనుకున్నారు? డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నప్పుడు గ్రీన్ కార్డో వీసానో చూపించినవాళ్లవి. తర్వాత వాళ్లు పౌరసత్వం తీసుకుని ఉండొచ్చు కదా! మీ డాలస్ వైపు తెలుగు ఇళ్లలో ఎంతమంది ఈ దారిలో వచ్చినవాళ్లే: ముందు వీసా, లైసెన్స్, ఆపైన గ్రీన్ కార్డు, ఎన్నో ఏళ్లకు పౌరసత్వ ప్రమాణం. అంతా సక్రమంగా చేసినవాళ్ల ఓటును అనుమానించడం నాకు చాలా బాధనిపించింది. కొద్దిరోజుల్లోనే వేల పేర్లు తప్పని తేలింది. కేసులు పడ్డాయి. ఏప్రిల్‌లో రాజీ కుదిరి, ఆ సూచనను వెనక్కి తీసుకున్నారు.

ఇక సెనేట్ సంగతి. సభ్యులు 31 మంది. అందరూ వస్తే 21 ఓట్లు కావాలి. గవర్నర్ పార్టీకి అప్పుడు ఉన్నవి 19. మిగిలిన 12 మంది డెమోక్రాట్లూ కుదరదన్నారు. దాంతో ఓటింగ్ దాకా పోనేలేదు. సమావేశాలు ముగిసేలోగా ఆమోదం రాకపోతే పదవి పోతుంది. చివరి రోజు, 2019 మే 27న, విట్లీ రాజీనామా చేశారు.

సగానికి పైగా ఓట్లు చాలనే నియమం ఉంటే ఆ 12 మంది మాటకు విలువే ఉండేది కాదు. అందుకే ఈ రెండొంతుల లెక్క నాకు నచ్చుతుంది. అర్హత ఉన్నవాళ్లు కూడా పార్టీల గొడవలో నలిగే ప్రమాదం దీనిలో ఉంది, కాదనను. అయినా ఉండాల్సిందే అంటాను.

గవర్నర్ ఎంచినవాళ్లను పరిశీలించే సెనేట్ నామినేషన్ల కమిటీ విచారణలు అందరి ముందే జరుగుతాయి. బేసి సంవత్సరంలో సభ నడిచేటప్పుడు అమ్మానాన్నలతో రాజధాని ఆస్టిన్ వెళ్లి ఒకటి చూడండి. ఎవరిని ఏం అడిగారో నాకు రాయండి.

మీ తాతయ్య