నాలుగు రోజుల ట్రోఫీ

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో రెండు జట్ల మధ్య కొత్తగా ట్రోఫీ పెట్టారంటే చాలు, అది నచ్చని అభిమానులు 2011లో అయోవా రాష్ట్రంలో రేగిన ట్రోఫీ గొడవను బయటికి తీస్తారు. ఊరికే తీయరు. ట్రోఫీ విషయంలో తమ మాట చెల్లుతుందని వాళ్లకు తెలిసొచ్చింది అక్కడే.

అయోవా, అయోవా స్టేట్ యూనివర్సిటీల పాత కక్షలు తవ్వుకుంటూ పోతే తెల్లారిపోతుంది. 1934 తర్వాత 43 ఏళ్ల పాటు ఒకరితో ఒకరు ఆడటమే మానేసిన జట్లవి అంటే సరిపోతుంది. 1977లో మళ్లీ తలపడినప్పుడు డి మోయిన్ నగరంలోని ఓ అథ్లెటిక్ క్లబ్ సై-హాక్ ట్రోఫీ ఇచ్చింది. ఎదురొచ్చేవాణ్ని చేత్తో తోసేస్తున్న భంగిమలో ఒక ఆటగాడు, రెండు జట్ల గుర్తులైన పక్షులు. గొప్ప శిల్పమేమీ కాదు. కానీ ఏ ఆటదో, ఎవరెవరిదో చూడగానే తెలిసేది.

2011 ఆగస్టు 19న అయోవా రాష్ట్ర జాతరలో (స్టేట్ ఫెయిర్) దాని బదులు కొత్తది పెట్టారు. స్పాన్సర్ రాష్ట్ర మొక్కజొన్న రైతుల సంఘం. ముసుగు తీస్తే బుట్టెడు కంకులు, చుట్టూ ఓ రైతు కుటుంబం! బంతి లేదు, ఆటగాడు లేడు. ఎరువుల కంపెనీ డీలర్లకిచ్చే జ్ఞాపికలా ఉంది. వ్యవసాయ కుటుంబాలను గౌరవించాలన్నది నిర్వాహకుల ఉద్దేశం కావచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే అయోవా అనగానే మొక్కజొన్న తప్ప ఇంకేం ఉందని బయటివాళ్లు ఎప్పుడూ ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళినే పోతపోసి, గెలిచిన కుర్రాళ్ల చేత నెత్తికెత్తించాలంటే ఎవరు ఒప్పుకుంటారు? ఏడాదంతా కీచులాడుకునే రెండు వైపుల వాళ్లూ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు. గవర్నర్ టెర్రీ బ్రాన్‌స్టాడ్ కూడా పెదవి విరిచారు.

ఆగస్టు 23న నిర్వాహకులు వెనక్కి తగ్గారు. ఆ ఏటికి తాత్కాలిక ట్రోఫీతో సరిపెట్టి, శాశ్వతమైనదాన్ని అభిమానుల ఓటుతో తేలుస్తామన్నారు. సెప్టెంబరులో అయోవా స్టేట్ సొంతూరు ఏమ్స్‌లో మూడు ఓవర్‌టైమ్‌ల దాకా సాగిన మ్యాచ్‌ని అయోవా స్టేట్ 44-41తో గెలిచింది. అంత ఆటకు దక్కింది ఆ తాత్కాలికమే.

ఇది తెలిసీ 2015లో కనెక్టికట్ కోచ్ బాబ్ డియాకో సెంట్రల్ ఫ్లోరిడాతో లేని వైరానికి తానే పేరు పెట్టి, తానే ట్రోఫీ చేయించారు. అవతలి యూనివర్సిటీ తమకు సంబంధం లేదంది. 2016లో సెంట్రల్ ఫ్లోరిడా 24-16తో గెలిచి కూడా దాన్ని మైదానం పక్కనే వదిలేసి వెళ్లిపోయింది.

అయోవా ట్రోఫీని కాదనడానికి అందవికారమే అసలు కారణమనేవాళ్లు 2014 నాటి విరిగిన కుర్చీ ట్రోఫీని ఏమంటారో! మిన్నెసోటా జట్టు మస్కట్ (గుర్తు బొమ్మ) ఖాతాకూ, నెబ్రాస్కా కోచ్ పేరిట నడిచే నకిలీ ఖాతాకూ మధ్య ట్విట్టర్‌లో సాగిన వేళాకోళంలో పుట్టిందది. అంతకన్నా వికారమైన ట్రోఫీ ఇంకోటి ఉండదు. అభిమానులు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు.

స్పాన్సర్ డబ్బు మీద కోపమన్న వాదన కూడా నిలవదు. అయోవా రెండు జట్లూ అన్ని ఆటల్లో పోటీపడే సిరీస్ పేరులో ఆ మొక్కజొన్న సంఘం తర్వాత కూడా కొనసాగింది. దాని మీద అంత రభస ఎవరూ చేయలేదు.