పడమటి గోడ, దర్జీ టేపు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

నేను బస్సెక్కేటప్పుడు బుజ్జి అడిగిన ప్రశ్న తెనాలి చేరేదాకా నన్ను వదల్లేదు. "గది ఒక్కటే కదా తాతయ్యా! ఏసీకి ముగ్గురు మూడు ధరలు ఎందుకు చెప్పారు? ఎవరో ఒకరు మోసం చేస్తున్నట్టే కదా?"

మోసమేనని అప్పుడే అనకు తల్లీ. ముందు మా ఊరి దర్జీల సంగతి విను.

నా చిన్నప్పుడు మా వీధిలో ఇద్దరు దర్జీలు ఉండేవారు. ఒకాయన మిషన్ దగ్గర నుంచి లేవకుండానే "ఎనిమిదేళ్ల పిల్లాడేగా, నాకు తెలుసులే అమ్మా" అనేవాడు. రెండో ఆయన మెడలో టేపు తీసి భుజం, ఛాతీ, చెయ్యి కొలిచి, చెవి మీది పెన్సిలుతో పుస్తకంలో రాసుకునేవాడు. ఒక సంక్రాంతికి మొదటాయన "ఎదిగే పిల్లాడు, వదులుగా ఉండాలి" అని కుట్టిన చొక్కా నా మోకాళ్లు దాటింది. పండగ మూడు రోజులూ చేతులు మడుచుకుంటూనే తిరిగాను.

ఇప్పుడు మీ ఏసీకి ధర చెప్పిన ముగ్గురినీ గుర్తు తెచ్చుకోండి. మొదటాయన అసలు రాలేదు. ఫోనులోనే ఒకటిన్నర టన్నులు, 38,500 రూపాయలు అన్నాడు. రెండో ఆయన గుమ్మంలో నిలబడి చూసి "రెండు టన్నులు పెట్టేద్దాం, పై అంతస్తు కదా" అన్నాడు. మూడో ఆయన టేపు తీశాడు. గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. పైన స్లాబేనా, ఇంకో ఇల్లు ఉందా, ఎంతమంది పడుకుంటారు, కిటికీ ఎటువైపు అని అడిగాడు. ఆ తర్వాత పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. ఆ చెయ్యి చూడగానే నాకు మా దర్జీ గుర్తొచ్చాడు.

టన్ను అంటే యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచు, అంటే అమెరికా టన్ను లెక్కలో సుమారు 907 కిలోలు, ఒక రోజులో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని గదిలోంచి లాగేసే శక్తి. మా ఊళ్లో పెళ్లికి మంచుదిమ్మ రంపపు పొట్టులో, గోనెసంచిలో చుట్టుకుని బండి మీద వచ్చేది. పిల్లలం వెనకాలే పరిగెత్తి, కారే నీళ్ల కింద చేతులు పట్టేవాళ్లం. అలాంటి దిమ్మలు కుప్పగా పోస్తే చేసే పని, గోడకు వేలాడే పెట్టె చప్పుడు లేకుండా చేసేస్తోంది! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అలాగని పెద్దది కొంటే మంచిదే కదా అనుకోవద్దు. నేను ఎదిగాను కనుక రెండేళ్లకు ఆ చొక్కా సరిపోయింది. గది ఎదగదు. అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది. గాలిలోని తడిని పిండే తీరిక దానికి దొరకదు. కృష్ణ ఒడ్డున ఉన్న విజయవాడలో ఉక్క ఎంతో మీకు తెలుసు. చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది.

ఇక ధరల సంగతి. మా అమ్మ దర్జీని కూలి ఒక్కటే అడిగేది కాదు. గుండీలు ఎవరివి, కాన్వాసు ఎవరిది, మిగిలిన ముక్కలు ఎవరివి అని కూడా అడిగేది. ఆ ముక్కలతోనే నా బడి సంచి కుట్టింది. మీ నాన్న కూడా ఫోనులో ధర చెప్పిన ఏసీ ఆయనను అలాగే అడిగాడు. రాగి పైపు మూడు మీటర్లే ఇస్తారట. డాబా మీద పెట్టే బయటి పెట్టెకు, అదే ఔట్‌డోర్ యూనిట్‌కు, అయిదు కావాలి. మిగతా రెండు మీటర్లకు 1,800, స్టాండుకు 900, ఫిట్టింగ్‌కు 1,500, స్టెబిలైజర్‌కు 3,000. అన్నీ కలిపితే 45,700 అయింది. మూడో ఆయన ఇవన్నీ కలిపే 46,500 అని కాగితం మీద రాసిచ్చాడు. చూశారా, ఎనిమిది వేల తేడా ఎనిమిది వందలకు వచ్చింది!

కుట్టుకూలి పోల్చాలంటే గుడ్డ కూడా ఒకటే కావాలి. ఏసీకి నక్షత్రాలు ఎన్ని ఎక్కువైతే కరెంటు అంత తక్కువ కాలుతుంది. ఒకరు మూడు నక్షత్రాల ఏసీకి, ఇంకొకరు అయిదు నక్షత్రాల దానికి చెబితే ఆ ధరలు పక్కపక్కన పెట్టకూడదు. ఏసీ మీది లేబుల్‌లో ఏడాదికి 1,600 గంటలు వాడితే ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో ముద్రించి ఉంటుంది. చిన్నీ, దుకాణంలో ఆ అంకె చదివి రాసుకునే పని నీది. బిగించే రోజు బుజ్జి దగ్గరుండాలి. చల్లబరిచే గ్యాసును పైపుల్లోకి వదిలే ముందు వాటిలోని గాలిని, తడిని వాక్యూమ్ పంపుతో లాగాలి. ఆ పని కూడా కొటేషన్‌లో రాయించమని నాన్నకు చెప్పండి. అడిగితే నొచ్చుకుంటారేమోనని మొహమాటపడవద్దు. పని తెలిసినవాడికి అడిగితే సంతోషమే.

మూడో ఆయన గోడ మీద చెయ్యి ఎందుకు పెట్టాడో నేను చెప్పను. ఈ రోజు సాయంత్రం ఆరింటికి ఆ పడమటి గోడ మీద మీ అరచేతులు పెట్టండి. పొద్దుగుంకాక తొమ్మిదింటికి మళ్లీ పెట్టండి. తూర్పు గోడ మీద కూడా పెట్టి చూడండి. మీ చేతులకు ఏం తెలిసిందో నాకు ఉత్తరం రాయండి.

మీ
తాతయ్య