అంతర్యుద్ధ సైనికులైన పూర్వీకుల వేట: అపోహలు - వాస్తవాలు

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) పోరాడిన పూర్వీకుల వివరాలు వెతికిపెట్టడం నా పని. వచ్చేవాళ్ల దగ్గర సాధారణంగా ఒక పేరు, ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఉంటాయి. వాటికి తోడు కొన్ని అపోహలు కూడా ఉంటాయి. తరచూ వినేవి ఇవీ:

అపోహ: ఆన్‌లైన్‌లో పేరు దొరికింది, ఇక ఆయనే మా తాతల తాత.

వాస్తవం: అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ వారి అంతర్యుద్ధ సైనికుల డేటాబేస్‌లో 63 లక్షల పేర్లున్నాయి. యుద్ధంలో పాల్గొన్నది మాత్రం సుమారు 35 లక్షల మందే. ఒకే మనిషి రెండు రెజిమెంట్లలో (సైనిక దళాల్లో) పనిచేసినా, మారుపేరుతో చేరినా, గుమస్తా స్పెల్లింగ్ మార్చి రాసినా ఆయన పేర ఇంకో రికార్డు కార్డు పుట్టుకొచ్చింది. జాన్ స్మిత్ లాంటి పేరైతే ఇక చెప్పనే అక్కర్లేదు. పేరుతో పాటు రాష్ట్రం, రెజిమెంట్, కంపెనీ కూడా తెలియాలి. కంపెనీ అంటే రెజిమెంట్‌లో ఒక భాగం. ఒక్కోదానిలో సుమారు వందమంది ఉండేవాళ్లు, చాలాచోట్ల అందరూ ఒకే కౌంటీ వాళ్లు. అందుకే నేను ఆ కంపెనీలోని మిగతా పేర్లు కూడా చదువుతాను. 1860 జనాభా లెక్కల్లో మీవాళ్ల ఇరుగుపొరుగు, బావమరుదులు అందులో కనిపిస్తే దారి సరైనదే. తెలిసిన ఇంటిపేరు ఒక్కటీ లేకపోతే నేను అక్కడే ఆగి, వేరే జాన్ స్మిత్‌ని వెతుకుతాను.

అపోహ: సర్వీస్ రికార్డు (సైన్యంలో పనిచేసిన వివరాలు) తెప్పించుకుంటే కుటుంబమంతా అందులో ఉంటుంది.

వాస్తవం: ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. ప్రభుత్వ పాత పత్రాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ నుంచి వచ్చేది కొన్ని కార్డుల కాపీలు. పాత హాజరు పట్టీల్లోని వివరాలను వార్ డిపార్ట్‌మెంట్ గుమస్తాలు యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు ఈ కార్డుల మీదికి ఎక్కించారు. హాజరు, గైర్హాజరు, ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంత జీతం బాకీ అని ఉంటుంది. అదృష్టం బాగుంటే వయసు, పుట్టిన చోటు, ఎత్తు, కళ్ల రంగు దొరుకుతాయి. భార్యాపిల్లల పేర్లు దాదాపు ఉండవు.

కుటుంబం కనిపించేది పెన్షన్ ఫైల్లో. యూనియన్ (ఉత్తరాది) సైనికుడి వితంతువు పెన్షన్ అడిగితే పెళ్లి జరిగిందని, పిల్లలు ఫలానా రోజున పుట్టారని రుజువు చూపాలి. సర్టిఫికెట్ లేకపోతే పెళ్లి చూసినవాళ్లూ, కాన్పు చేసిన మంత్రసానీ వచ్చి అఫిడవిట్ ఇచ్చేవాళ్లు. పుట్టిన తేదీలు రాసుకున్న ఇంటి బైబిల్ పేజీని చించి పంపినవాళ్లూ ఉన్నారు. 1898లో పెన్షన్ బ్యూరో ఒక ప్రశ్నపత్రం పంపింది: భార్య పుట్టింటి పేరు ఏమిటి, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు జరిపించారు, బతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఏమిటి అని. వంశవృక్షం రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పైగా 1890 చట్టం వచ్చాక, కనీసం 90 రోజులు పనిచేసి గౌరవంగా విడుదలైనవాళ్లకు యుద్ధంతో సంబంధం లేని అనారోగ్యానికీ పెన్షన్ దక్కింది. కాబట్టి మీవాళ్ల పేర ఫైలు ఉండే అవకాశం మీరనుకునేదానికంటే ఎక్కువ. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే పెన్షన్ ఫైలే తెప్పించుకోండి.

అపోహ: ఆ రికార్డులన్నీ 1973 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

వాస్తవం: ఆ ప్రమాదం సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో జరిగింది. పోయినవి ప్రధానంగా 20వ శతాబ్దపు రికార్డులు. అంతర్యుద్ధ ఫైళ్లు వాషింగ్టన్‌లో క్షేమంగానే ఉన్నాయి.

అపోహ: దక్షిణాది కుటుంబమైతే కాన్ఫెడరేట్ (దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల) సైన్యమే.

వాస్తవం: సౌత్ కరోలినా తప్ప మిగతా కాన్ఫెడరేట్ రాష్ట్రాలన్నిటి నుంచీ యూనియన్ తరఫున పోరాడిన తెల్లవాళ్ల దళాలున్నాయి. పట్టుబడిన కాన్ఫెడరేట్లలో దాదాపు 6,000 మంది యూనియన్ యూనిఫాం వేసుకుని పశ్చిమ సరిహద్దుకు వెళ్లారు. అలాంటివాళ్లకు రెండు వైపులా రికార్డు ఉంటుంది. కాన్ఫెడరేట్ పెన్షన్ల కోసం మాత్రం నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకొద్దు. వాటిని ఇచ్చింది ఆయా రాష్ట్రాలు. అదీ పోరాడిన రాష్ట్రం కాదు, దరఖాస్తు నాటికి నివాసమున్న రాష్ట్రం. జార్జియా రెజిమెంట్‌లో పనిచేసి టెక్సస్‌లో స్థిరపడినవాడి ఫైలు టెక్సస్‌లోనే ఉంటుంది.

అపోహ: బానిసత్వంలో పుట్టిన సైనికుడికి కాగితాలేం ఉంటాయి?

వాస్తవం: యూనియన్ సైన్యంలో దాదాపు 1,79,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు. వాళ్లకూ సర్వీస్ కార్డులు, పెన్షన్ ఫైళ్లు ఉన్నాయి. మేరీలాండ్, మిస్సోరీ లాంటి సరిహద్దు రాష్ట్రాల్లో (బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే ఉండిపోయినవి) కొందరు యజమానులు తమ బానిస సైన్యంలో చేరాడని పరిహారం అడిగారు. చదవడానికి కడుపు రగిలిపోయే కాగితాలవి. కానీ 1870కి ముందు జనాభా లెక్కల్లో బానిసల పేర్లు సాధారణంగా ఉండవు కాబట్టి, యజమాని పేరు తెలిస్తేనే ఆ లెక్కలకు వెనక్కి వెళ్లడానికి దారి దొరుకుతుంది. విముక్తి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్ల పెన్షన్ ఫైళ్లలో ఆ మార్పు ఎలా జరిగిందో తోటి సైనికులు చెప్పిన వాంగ్మూలాలు కూడా కనిపిస్తాయి. ఈ ఫైళ్లు చదవకుండా ఆ తరం గురించి ఏమీ దొరకదని ఎవరైనా అంటే నమ్మకండి.

అపోహ: యుద్ధంలో పోయాడంటే తూటా తగిలే పోయుంటాడు.

వాస్తవం: మరణాల్లో మూడింట రెండొంతులు రోగాల వల్లే. విరేచనాలు, టైఫాయిడ్, తట్టు. ఆయన చివరి కార్డులో ఏముందో చూడండి.

అపోహ: డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) రిజిస్టర్‌లో పేరుందంటే సైనికుడే.

వాస్తవం: 1863 చట్టం ప్రకారం 20 నుంచి 45 ఏళ్ల మధ్య మగవాళ్ల పేర్లు నమోదు చేశారు. చాలామందికి వంతే రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు 300 డాలర్లు కట్టి తప్పించుకున్నారు, కొందరు తమ బదులు ఇంకొకరిని పంపారు. అదే పేరుతో రెజిమెంట్ రికార్డు దొరికేదాకా వంశవృక్షంలో ఆయన పక్కన ‘సైనికుడు’ అని రాయకండి.