పప్పు తింటే చీము పడుతుందా? రొమ్ము క్యాన్సర్ తరువాత పథ్యం

విశాఖపట్నంలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకొని, గుణుపురం ప్యాసింజర్‌లో పర్లాకిమిడికి తిరిగి వచ్చిన మా అప్పకు (ఉత్తరాంధ్రలోనూ, ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ళలోనూ అక్కను అప్ప అనే పిలుస్తాము) ఆ మధ్యాహ్నం వడ్డించిన కంచం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. పాత బియ్యపు అన్నం, మిరియాల చారు, నూనె చుక్క లేకుండా ఉడికించిన బీరకాయ, ఒక కాల్చిన అప్పడం. అంతే. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మా మేనత్త, గుడ్డు వేడి చేస్తుందని పక్కింటి ఒడియా ఆవిడ, పెరుగు వాతమని చూడవచ్చిన మరొకరు, పాలు తాగితే గడ్డ మళ్ళీ పెరుగుతుందని ఫోనులో ఎవరో తెలిసినవారు చెప్పారు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మాత్రల పేర్లూ వేళలూ వివరంగా రాసి ఉన్నాయి కాని, ఆహారం అన్న చోట ‘సాధారణ భోజనం’ అని రెండు మాటలు మాత్రమే ఉన్నాయి. ఆ రెండు మాటలకు అర్థం చెప్పే పని చుట్టాలందరూ తలా ఒక చేయి వేసి పూర్తి చేశారు.

మన పథ్యంలో ఏమి మానాలో చెప్పే పట్టిక ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది. ఏది ఎంత తినాలన్న లెక్క మాత్రం దాదాపు కనిపించదు. రొమ్ము క్యాన్సర్ తరువాతి ఆహారం గురించి గత 30 ఏళ్ళలో జరిగిన పరిశోధనలను చదివిన కొద్దీ, మనకు కొరవడినది ఆ లెక్కేనని నాకు అనిపించింది.

ముందుగా పప్పు సంగతి చూద్దాము. గాయంలోకి చేరిన బాక్టీరియాతో పోరాడి చనిపోయిన తెల్ల రక్తకణాలు, ఆ బాక్టీరియా, శిథిలమైన కణజాలం కలిసి చీము అవుతాయి. కడుపులోకి వెళ్ళిన కందిపప్పు అమైనో ఆమ్లాలుగా విడిపోయిన తరువాతే రక్తంలో కలుస్తుంది కనుక, అది కుట్ల దగ్గర చీముగా తేలే మార్గమే లేదు. మెత్తగా ఉడికిన ముద్దపప్పు చూడటానికి చీములా ఉండటమే ఈ నమ్మకానికి మూలమేమోనని నా అనుమానం. నిజానికి గాయం మానటానికి కావలసిన కొల్లాజెన్‌ను శరీరం మాంసకృత్తుల నుంచే నేస్తుంది. క్యాన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు 1 గ్రాము తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందాలని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 56 కిలోల మనిషికి అది 56 నుంచి 84 గ్రాములు. మా అప్ప తిన్న పథ్యపు భోజనం రెండు పూటలా అలాగే సాగితే అందులో 30 గ్రాములు కూడా ఉండవు, అందులోనూ చాలా వరకు బియ్యం నుంచి వచ్చేదే. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు కందిపప్పులోనో ఉలవల్లోనో మరో 6 గ్రాములు ఉంటాయి. చిన్న చేప ముక్కలు, గ్లాసు పాలు, కప్పు పెరుగు కలిస్తే గాని ఆ లెక్క తేలదు.

కీమోథెరపీ నడిచే నెలల్లో ప్రశ్న వేరుగా ఉంటుంది. ప్రతి మోతాదు తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల కణాల సంఖ్య బాగా పడిపోతుంది. మామూలు రోజుల్లో శరీరం పట్టించుకోని బాక్టీరియా కూడా అప్పుడు జ్వరం తెప్పించగలదు. మా ప్రాంతంలో ఇది నేరుగా తరవాణి కుండ దగ్గరికి వస్తుంది. రాత్రి అన్నంలో గంజి, నీళ్ళు పోసి పొద్దుటికి పులియబెట్టిన తరవాణి అన్నమైనా, ఒడియావారు మార్చి 20న ప్రత్యేకంగా ఒక దినమే జరుపుకునే పఖాళ అయినా ఆరోగ్యవంతులకు మంచి ఆహారమే, ఎండాకాలంలో మరీను. కాని ఏ బాక్టీరియా ఎంత పెరిగిందో తెలియని కుండను, తెల్ల కణాలు అడుగంటిన వారంలో నమ్మటం తెలివైన పని కాదు. అలాగని పచ్చి పండు, పచ్చి కూర ఏదీ ముట్టకూడదని ఒకప్పుడు ఆసుపత్రులు పెట్టిన కఠిన నియమం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. శుభ్రంగా కడిగి తొక్క తీసిన అరటిపండు, బొప్పాయి తినవచ్చు. వండిన అన్నం వేడిగా ఉండగానే తినాలి. సంతలో కోసి ఉంచిన పుచ్చకాయ ముక్కలు, బయటి పానీపూరీ నీళ్ళు మాత్రం ఆ రోజుల్లో వద్దు. చికిత్స ముగిసి కణాల సంఖ్య కోలుకున్నాక తరవాణి కుండ మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

ఇక అందరి మనసులో ఉండే అసలు ప్రశ్న: తిండి మార్చుకుంటే వ్యాధి తిరిగి రాకుండా ఉంటుందా? దీనికి సమాధానం వెతకటానికి అమెరికాలో రెండు పెద్ద పరీక్షలు జరిగాయి, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోవటమే వాటిలోని ఆసక్తికరమైన విషయం. విన్స్ అనే పరీక్షలో, తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 2,437 మంది స్త్రీలను, అందరూ ముట్లు ఉడిగినవారినే, రెండు వర్గాలు చేసి ఒక వర్గానికి కొవ్వు బాగా తగ్గించిన ఆహారాన్ని నేర్పారు. ఆ వర్గంవారు రోజుకు తిన్న మొత్తం కొవ్వు 33 గ్రాముల దగ్గరకు దిగింది. రెండో వర్గంలో అది 51 గ్రాములు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం సుమారు 5 ఏళ్ళలో కొవ్వు తగ్గించినవారిలో 9.8 శాతం మందికి, మిగిలినవారిలో 12.4 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. తేడా ఉంది కాని, గణాంక శాస్త్రం నిశ్చయంగా ఒప్పుకునే గీతకు అది అటూ ఇటూగా నిలిచింది.

వెల్ అనే రెండో పరీక్ష ఇంకా పెద్దది. 3,088 మందిలో సగం మందికి రోజూ ఐదు వంతుల కూరగాయలు, సుమారు అరలీటరు కూరగాయల రసం, మూడు వంతుల పండ్లు, 30 గ్రాముల పీచు, తక్కువ కొవ్వు ఉండే ఆహారాన్ని నిర్దేశించారు. ఏడేళ్ళకు పైగా గమనించిన తరువాత 2007లో వెలువడిన ఫలితం చూసి చాలామంది నిరుత్సాహపడ్డారు. కూరగాయల వర్గంలో 16.7 శాతం, రెండో వర్గంలో 16.9 శాతం మందికి వ్యాధి తిరిగి వచ్చింది. అంటే తేడా లేనట్టే.

రెండింటికీ పొంతన ఎక్కడ? విన్స్‌లో కొవ్వు తగ్గించుకున్న స్త్రీల బరువు రెండో వర్గంవారికన్నా సుమారు రెండున్నర కిలోలకు పైగా తగ్గింది. వెల్‌లో అన్ని కూరగాయలు తిన్నా రెండు వర్గాల బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కంచంలోకి ఏమి చేరిందన్నదానికన్నా నడుము చుట్టూ ఏమి మిగిలిందన్నదే అసలు సంగతి కావచ్చునన్న అనుమానం పరిశోధకులకు అక్కడే బలపడింది. దానికి జీవశాస్త్రంలో ఆధారం కూడా ఉంది. ముట్లు ఉడిగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీని దాదాపు ఆపేస్తాయి. కాని అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఇతర హార్మోన్లను కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. డాక్టర్లు ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రజోల్ మాత్రలు కట్టేసేది ఈ ఎంజైమునే. కొవ్వు పెరిగితే ఎంజైమూ పెరుగుతుంది, దానితో పాటు రక్తంలో ఇన్సులిన్, శరీరంలో వాపు కలిగించే పదార్థాలు కూడా పెరుగుతాయి. ఇంతా చేసి, చికిత్స తరువాత పట్టుబట్టి బరువు తగ్గితే వ్యాధి తిరగబెట్టటం తగ్గుతుందా అన్నదాన్ని నేరుగా పరీక్షించటానికే 3 వేల మందికి పైగా స్త్రీలతో 2016లో అమెరికా, కెనడాలలో మరో పరీక్ష మొదలుపెట్టవలసి వచ్చింది. మరొక మాట కూడా మరచిపోకూడదు. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్ళ ముందే వస్తున్నది. ముట్లు ఉడగని వయసువారు, హార్మోన్ల మాత్రలు పనిచేయని రకం గడ్డలు ఉన్నవారు మన దగ్గర ఎక్కువ. విన్స్ అంకెలను వారికి యథాతథంగా అంటగట్టలేము.

అయినా బరువు సంగతిని గాలికి వదలకూడదు. కీమో రోజుల్లో ఇచ్చే స్టెరాయిడ్లు, నీరసంతో తగ్గిన నడక, అకాలంగా ఉడిగిన ముట్లు కలిసి చాలామందికి బరువు పెంచుతాయి. చిక్కిపోతారని భయపడి ఇంట్లోవారు కొసరి కొసరి తినిపించటమూ దానికి తోడు. మా అప్పకు ఏడాదిలో 6 కిలోలు పెరిగాయి. అప్పుడు నేను చేసిన పని ఒకటే: ఇంటి కిరాణా చీటీ తీసి చూడటం. నలుగురున్న ఇంటికి నెలకు 5 లీటర్ల నూనె. తలకు రోజుకు సుమారు 42 మిల్లీలీటర్లు, అంటే 38 గ్రాములు, అంటే దాదాపు 340 క్యాలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో, 2 వేల క్యాలరీల దినసరి ఆహారానికి సూచించిన నూనె 27 గ్రాములు. విన్స్ స్త్రీలు పాలు, మాంసం, గింజలు అన్నీ కలుపుకొని తిన్న కొవ్వు 33 గ్రాములైతే, మా అప్ప ఇంట్లో పోపు గరిటె ఒక్కటే దానిని దాటింది. “అప్పా, నూనె డబ్బా వంచి పోయకు, చెంచాతో కొలిచి పొయ్యి” అంటే, “అయిదు చెంచాలకు వంకాయ వేగుతుందేటి?” అని నవ్వింది. వేగదు. అందుకే ఒడియావారి సంతుళా ఆ ఇంట్లోకి వచ్చింది: కూరగాయలన్నీ ఉడకబెట్టి, చెంచాడు నూనెలో పంచఫుటణ (ఐదు దినుసుల) పోపు పెట్టి దించే కూర. అదే పక్కింటి ఆవిడ నేర్పింది. గుడ్డు విషయంలో పొరపడినా ఈ కూర విషయంలో ఆవిడకు రుణపడి ఉన్నాము. అన్నం కూడా తూచి చూస్తే, ఆ మార్గదర్శకాలు చెప్పే రోజుకు 250 గ్రాముల ధాన్యం దగ్గర ఆగటం లేదని తేలింది. ఒక పూట అన్నం స్థానంలో చోడి (రాగి) సంకటి, పప్పు, ఆకుకూర పెట్టుకోవటంతో చిక్కు చాలావరకు విడిపోయింది.

చక్కెర క్యాన్సర్‌కు మేత అన్న మాటకు 1920ల నాటి మూలం ఉంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ గమనించాడు; ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పనిచేసేది ఈ గుణం మీదే. కాని మనం చక్కెర మానినా కాలేయం గ్లూకోజును తయారుచేసి రక్తంలో దాని మట్టం నిలుపుతూనే ఉంటుంది కనుక, గడ్డను ఆకలితో మాడ్చటం ఆ దారిన కుదరదు. తీపి తగ్గించుకోవటం బరువు కోసం, మధుమేహం కోసం మంచిదే. సారా, ఇప్పసారా, బీరు వంటివాటి విషయంలో మాత్రం మెతకదనం పనికిరాదు. మద్యం రొమ్ము క్యాన్సర్‌కు రుజువైన కారణాల్లో ఒకటి.

సోయా గురించిన భయం ఇంకా వదలలేదు. సోయాలోని ఐసోఫ్లావోన్లు ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటాయి కాబట్టి మీల్ మేకర్ విషమని ఫోన్లలో తిరుగుతుంటుంది. షాంఘైలో వ్యాధికి చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలను అనుసరించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఎక్కువ తిన్నవారిలో మరణాలూ వ్యాధి తిరగబెట్టటమూ తక్కువగానే కనిపించాయి. గుడ్డు, చేప ముట్టని ఇళ్ళలో 50 గ్రాముల మీల్ మేకర్ సుమారు 25 గ్రాముల మాంసకృత్తులిస్తుంది. అంత చవకైన ఆహారాన్ని భయంతో వదులుకోవటం నష్టమే. ఐసోఫ్లావోన్ మాత్రల సంగతి వేరు, వాటి జోలికి పోనక్కరలేదు.

లెట్రోజోల్ వంటి మాత్రలు ఈస్ట్రోజెన్‌ను అడుగంటించటంతో ఎముకలు పలచబడతాయి. ముట్లు ఉడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఇక్కడ కొరాపుట్, రాయగడ కొండల పంట మనకు అండగా ఉంది. 100 గ్రాముల చోడి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే గ్లాసు అంబలికి పట్టే పిండి 30 గ్రాములే కనుక దాని నుంచి వచ్చేది 100 మిల్లీగ్రాములు, అందులోనూ గింజలో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కొంత పట్టి ఉంచుతాయి. పిండిని ముందురోజే కలిపి పులియబెట్టటంతోనో, చోళ్ళను మొలకెత్తించి విసరటంతోనో ఆ పట్టు సడలుతుంది. కాబట్టి అంబలితో పాటు పాలు లేదా పెరుగు, మునగాకు, పొట్టు తీయని నువ్వుల పొడి కూడా ఉండాలి. నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది.

చివరగా పసుపు. బరంపురం బజారులో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొంధమాల్ పసుపును కొనుక్కునే మనకు పసుపు మీద అనుమానమే రాదు, కూరలో వేసే చిటికెడుతో రానవసరమూ లేదు. కాని మా మేనల్లుడు తెప్పించినది, పసుపు నుంచి తీసే కర్‌క్యుమిన్‌కు మిరియపు సారం కలిపిన క్యాప్సూల్స్ సీసా. రొమ్ము కణాల మీద ఈస్ట్రోజెన్ పనిచేయకుండా అడ్డుకొనే టామాక్సిఫెన్ మాత్ర కాలేయంలో ఎండాక్సిఫెన్‌గా మారిన తరువాతే తన పని గట్టిగా చేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఆ మాత్ర వాడుతున్న 16 మంది స్త్రీలకు రోజుకు 3.6 గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చి 2019లో ప్రకటించిన చిన్న పరీక్షలో, వారి రక్తంలో ఎండాక్సిఫెన్ తగ్గింది. మిరియపు సారం కలిపినప్పుడు 12 శాతం వరకు పడిపోయింది. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే కనుక, అంత మోతాదు వంటింట్లోంచి రావాలంటే రోజుకు 120 గ్రాముల పసుపు తినాలి. సీసాను డాక్టరుకు చూపించాము, ఆయన దానిని మాన్పించారు. పెరట్లోని పంపరపనస గురించి కూడా అప్పుడే అడిగాము. ముఖ్యంగా వ్యాధి ఇతర భాగాలకు పాకినవారికి ఇచ్చే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ మాత్రలను శరీరం విరగ్గొట్టే ఎంజైమును ఆ పండులోని పదార్థాలు అడ్డుకొని, మందు మోతాదును రక్తంలో పెంచేస్తాయి. అప్ప వాడేది ఆ మాత్ర కాదు గనుక కార్తీకంలో పండు కోసి తొనలు వలిచాము. వీధి చివర ఆ మందు మీద ఉన్న మరొకావిడకు మాత్రం, ఏటా పంపే రెండు కాయల బదులు ఈసారి జామకాయలు పంపించాము.